స్టాంపులు అన్నయ్య వాటాకే

జూన్ పన్నెండు, బుధవారం ఉదయం. బైండింగు షాపు వెనకగదిలో ఉన్నవారు ముగ్గురు: షాపులో సగానికి యజమానురాలైన చెల్లెలు, మిగతా సగానికి యజమాని అయిన అన్న, అతని భార్య. నాలుగో కుర్చీ ఖాళీ. విశ్వవిద్యాలయ గ్రంథాలయం మనిషి అందులోంచి అప్పుడే లేచి వెళ్ళాడు. పాత మిషన్ కత్తిరించిన అంచులు ఎలకలు కొరికినట్టున్నాయనీ, శనివారానికల్లా కొత్త కటింగ్ మిషన్ దిగకపోతే థీసిసుల పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామనీ చెప్పిపోయాడు.

కొత్త మిషన్‌కని అన్నాచెల్లెళ్ళు కలిసి దాచిన సొమ్ము బ్యాంకులో లేదు. అన్న దానితో తపాలా స్టాంపులు కొన్నాడు. ధర ముద్రించని రకం. రేటు ఎంత పెరిగినా ఒక్కొక్కటి ఒక్కో ఉత్తరానికి చెల్లుతుంది. బిల్లులూ రసీదులూ పోస్టులో పంపే షాపు కనుక, వచ్చే నెల రేటు పెరిగేలోగా కొని పడేస్తే లాభమని అతనికి తోచింది. ఈ సంగతి ఆ ఉదయమే తెలిసిన చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పది శాతం పెరుగుతోందే! ఏ బ్యాంకువాడు ఇస్తాడు అంత?" అన్నాడు అన్న.

"ఏడాదికి మనం పంపేది ఎన్ని కవర్లు? నువ్వు కొన్నవి అయిపోయేసరికి నాకు పళ్ళూడిపోతాయి. పోనీ వద్దంటే పోస్టాఫీసు వెనక్కి తీసుకుంటుందా?"

"తీసుకోదు..." అన్న నీళ్ళు నమిలాడు. "బయట అమ్ముకోవచ్చు, కాస్త తగ్గించి."

"కొన్నదానికంటే తగ్గించి అమ్మితే దాన్ని లాభమంటారా అండీ మీ లెక్కల్లో?" అంది వదిన.

"ముందు అవెక్కడున్నాయో చూపించు," అంది చెల్లెలు.

చేతికందిన ప్రతి కాగితాన్నీ చదును చేయాలన్న పిచ్చి బైండింగువాళ్ళకు ఉంటుంది. అన్న స్టాంపు షీట్లన్నిటినీ దొంతరగా పేర్చి, పుస్తకాలను నొక్కే ఇనుప ప్రెస్సులో మర బిగించి ఉంచాడు. పక్కనే పొయ్యిమీద జిగురు కుండ. ఆ ఆవిరికి స్టాంపుల వెనక జిగురు మెత్తబడి, షీట్లన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. మర విప్పి తీసి బల్లమీద పెడితే ఇటుక పెట్టినట్టు చప్పుడైంది.

"గట్టి బైండింగే చేశారు. అట్ట ఒక్కటే తక్కువ," అంది వదిన.

చెల్లెలు నవ్వలేదు.

"నానబెడితే విడిపోతాయే! జిగురంటావా, మన దగ్గర లేనిదా?" అంటూ అన్న ఒక మూల తడిపి, ఓపిగ్గా లాగి, ఒక స్టాంపును చిరగకుండా ఊడదీశాడు. దాన్ని వేలిమీద పెట్టుకుని గెలిచినవాడిలా చూశాడు. ఆ చూపుకి చెల్లెలి ఒళ్ళు మరింత మండింది.

"సరే, ఒక్కటీ పాడవదనుకుందాం. ఇవి డబ్బేనంటావా?"

"డబ్బుకంటే మేలు."

"అయితే నువ్వే ఉంచుకో."

కాగితం లాక్కుని ఆమె రాయసాగింది. తండ్రి ఇద్దరి పేరా వదిలిన డిపాజిట్టులో అన్న వాటాకొచ్చే సగం మిషన్ కోసం షాపుకు చెందుతుంది. బదులుగా స్టాంపులన్నీ, కొన్న ధరకే, అన్న సొంతం. రాసింది పైకి చదివింది.

అన్న ముఖం పాలిపోయింది. "అదేంటే! ఆ డబ్బు ఇంటద్దెకని ఉంచుకున్నాను. స్టాంపులు అంటించి అద్దె కట్టమంటావా?"

"మరి నన్ను వాటితో మిషన్ కొనమన్నట్టేగా!" చెల్లెలు బల్ల చరిచింది. "నీ ఇంటికైతే డబ్బు, షాపుకైతే స్టాంపులా? నాన్న పోయాక ఆ లైబ్రరీ పని చెయ్యిజారకుండా పట్టుకున్నదాన్ని నేను. ఒక్కమాట అడగాలనిపించలేదా నీకు?"

"అడిగితే వద్దంటావని..."

చెల్లెలు కాగితాన్ని వేలితో అన్న వైపు తోసింది.

వదిన పెన్ను మూత తీసి భర్త ముందు పెట్టింది. "అద్దె సంగతి నేను చూస్తాలెండి. మీరు సంతకం పెట్టండి."

అతను పెట్టాడు. చెల్లెలు కిందనే తన సంతకం చేసి, సిరా ఆరేదాకా అన్న ముఖం చూడకుండా నిలబడింది. తర్వాత కాగితాన్ని అంచుకు అంచు కలిపి మడిచి, ఎముకబద్దతో మడత నొక్కి, బీరువాలో పెట్టి తాళం వేసింది.