నడిచొచ్చిన హేజెల్ చెట్లు

అమెరికాలోని బాతెల్ ఊళ్లో సుందర్ రాజ్ ఇంటి వెనక, హేజెల్‌నట్ కాయలు కాసే రెండు హేజెల్ చెట్లు ఉండేవి. ఒంటి చెట్టు కాయదని భార్య ప్రేమజ్యోతి రెండు రకాలు తెచ్చి కంచె పక్కన నాటింది. పొద్దున్నే లేచి చెట్ల మొదళ్లలో మొలిచిన పిలకలు తుంచడం, కాయల కోసం వచ్చే ఉడతల్ని అదిలించడం ఆవిడ పని. ఎవరికైనా లోపల జబ్బు ముదురుతుంటే ఆ చెట్లు వాళ్ల వైపు నడిచేవి. నిరుడు పక్కింటి వైపు వెళ్లి కంచెకు ఆనుకున్నాయి. ఆ ఇంటాయన శ్యామ్‌సుందర్ వెంటనే వెళ్లి గుండెకి స్టెంట్ వేయించుకొచ్చి, చెట్లకి రెండు బస్తాల ఎరువు పోశాడు.

కాయలు రాలే సెప్టెంబరులో చెట్లు ఇంటి వైపు తిరిగాయి.

"ఈసారి మీ ఇంటికేనా అండీ?" కంచె అవతల నుంచి శ్యామ్‌సుందర్ భార్య మీనా అడిగింది.

"మా ఆయన కోసమే అయ్యుంటుంది. బీపీ మాత్రలు సరిగ్గా వేసుకోరు," అంది ప్రేమజ్యోతి.

సుందర్ రాజ్‌కి అన్నం సహించలేదు. ఆఫీస్ మీటింగుల్లో కూర్చుని ఛాతీ తడుముకునేవాడు. ప్రేమజ్యోతే అపాయింట్‌మెంట్ బుక్ చేసింది, పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. గుండె, ఊపిరితిత్తులు, రక్తం అన్నీ చూసి ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చే దారంతా అతను ఈల వేస్తూ డ్రైవ్ చేశాడు.

కారు దిగి పెరట్లోకి వెళ్లాడు. చెట్లు ఆగలేదు. పొద్దున పచ్చిక మధ్యలో ఉన్నవి ఇప్పుడు వంటింటి గోడ దగ్గరున్నాయి. కొమ్మలు కిటికీ అద్దాన్ని గీస్తున్నాయి. అద్దం వెనక ప్రేమజ్యోతి గిన్నెలు తోముతోంది. ఇన్నేళ్లుగా ఆ కిటికీ దగ్గర నిలబడేది ఆవిడొక్కతే.

సుందర్ రాజ్ గబగబా లోపలికి వెళ్లాడు.

"జ్యోతీ, కారెక్కు."

"ఎక్కడికండీ? ఆదివారం చర్చ్ లంచ్ మనదే. చికెన్ నానబెట్టాలి."

"నీకెక్కడైనా బాగోలేదా?"

ఆవిడ ట్యాప్ కట్టేసింది.

"రొమ్ములో చిన్న గడ్డ ఉంది. మీ టెస్టులయ్యాక చెబుదామనుకున్నా."

"ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ అప్పట్నుంచి."

తిట్టబోయి మింగేశాడు. తడి చేతులు అలాగే పట్టుకుని కారు దాకా నడిపించాడు.

గడ్డ ఇంకా పాకలేదనీ, ఇంకొన్నాళ్లు ఆగుంటే మాట వేరుగా ఉండేదనీ సర్జన్ చెప్పింది.

ఆపరేషనయ్యి ఆవిడ ఇంటికొచ్చేసరికి చెట్లు కంచె పక్కకి వెళ్లిపోయాయి. ప్రేమజ్యోతి సోఫాలో ఒరిగి, "మీరేమైనా తిన్నారా?" అంది.

అతను జావ గిన్నె ఆవిడ చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. "ముందు నీ సంగతి చెప్పు."

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. జావ చల్లారిపోయినా చెబుతూనే ఉంది.