వీరవేణి రెండో లైసెన్సు

కువైట్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చిన వీరవేణి, మొగుడి కారు తాళం అడిగి తీసుకుని, తిన్నగా వెళ్లి ఎడమవైపు తలుపు తీసి కూర్చుంది. ఎదురుగా స్టీరింగు లేదు. అరుగు మీదున్న అత్తగారు పోలమ్మ చూసి, పక్కసీట్లో కూర్చోడానికి తాళమెందుకే అని అడిగింది. అడగదగ్గ ప్రశ్నే.

వీరవేణి అక్కడ ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో పనిచేస్తోంది. మొదట వంట, తర్వాత పిల్లలు. ఆ పిల్లల్ని బడికి దింపే డ్రైవరు మానేస్తే, మేడం ఈవిడకే బండి నేర్పించి పరీక్షకి పంపించింది. ఇప్పుడు లారీకి చెల్లెలంత కారేసుకుని పెద్దపెద్ద రోడ్ల మీద తిరుగుతుంది. అక్కడ స్టీరింగు ఎడమవైపు, బండి నడిచేది రోడ్డుకి కుడివైపు. మొగుడు శివప్రసాద్ రాజోలులో సొంత కారు కిరాయికి తిప్పుతాడు. పెళ్లాం కువైట్‌లో కారు నడుపుతుందని ఊళ్లో గొప్పగా చెప్పుకున్నాడు గానీ, కళ్లారా చూసిన పాపాన పోలేదు.

అక్కడి కార్డు ఇక్కడ చెల్లదని తెలిసి, వచ్చిన వారానికే అమలాపురం రవాణా ఆఫీసులో ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. నెల్లాళ్లు నేర్చుకుని పరీక్షకి వెళ్లాలి. ఇప్పుడిదంతా ఎందుకని మొగుడు అడిగితే, చేతిలో ఉంటే మంచిదేగా అంది. అసలు సంగతి అది కాదు. ఆమెకి తిరిగి వెళ్లాలని లేదు. తొమ్మిదో తరగతి చదివే కూతురు శ్రీవాణి నాయనమ్మని 'నువ్వు' అంటుంది, కన్నతల్లిని 'మీరు' అంటుంది. టీ తాగుతారా అండీ అని ఆ పిల్ల వినయంగా అడిగిన రోజున వీరవేణి పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. మర్యాద కూడా ఒక్కోసారి చెంపదెబ్బే.

ఇక్కడే బతకడానికి ఆమెకో దారి తోచింది. శనివారం వచ్చిందంటే వాడపల్లి వెంకన్నకి ఏడువారాలు మొక్కుకున్నవాళ్లు కార్ల కోసం కొట్టుకుంటారు. మధ్యలో ఒక్క వారం తప్పినా మళ్లీ మొదటికొచ్చినట్టే అని వాళ్ల బెంగ. ఆ రోజున డ్రైవరు దొరకడం గగనం. ఆడమనిషి తోలుతుందంటే ఆడవాళ్లు ధైర్యంగా ఎక్కుతారు. లైసెన్సు వస్తే మొగుడితో చెప్పెయ్యాలి, రాకపోతే నోరు మూసుకుని విమానం ఎక్కాలి. అలా అనుకుంది.

నేర్పడం శివప్రసాద్ వంతయింది. కాలువగట్టు రోడ్డు మీద రోజూ పొద్దున్నే. మలుపు వస్తే ఆమె చెయ్యి అలవాటుగా స్టీరింగుకి ఎడమవైపు పుల్ల మీదకి పోయేది. సిగ్నల్ లైటు వెలగడానికి బదులు, చుక్క వాన లేకుండానే అద్దం మీద వైపరు ఆడేది. గడ్డి ట్రాక్టరు అడ్డంగా పోతుంటే హారన్ కొట్టకుండా రెండూళ్లు దాటేదాకా దాని వెనకాలే వెళ్లింది. అక్కడ హారన్ కొడితే ఎదుటివాణ్ని తిట్టినట్టే మరి. శివప్రసాద్ తల పట్టుకున్నాడు.

"హారనంటే తిట్టు కాదే. 'అయ్యా, వస్తన్నామండీ' అని చెప్పడం. చెప్పకుండా పక్కనించి దూరిపోతేనే ఇక్కడ అమర్యాద."

ఆ ముక్క బుర్రకెక్కింది. మర్నాటి నుంచి కోళ్లకీ, కొబ్బరికాయలు దింపేవాళ్లకీ కూడా కొట్టడం మొదలెట్టింది.

పరీక్ష నాడు మాత్రం కొంప మునిగింది. గేర్లు, వెనక్కి నడపడం, ఎత్తు మీద ఆపడం, అన్నీ పూసగుచ్చినట్టు చేసింది. ఆఖరి మలుపు తిరిగి, ఎవరో పిలిచినట్టు నేరుగా రోడ్డుకి కుడివైపుకి చేరింది. ఇన్‌స్పెక్టరు సత్యదుర్గారావు గారు మంచి మర్యాదస్తులు. కాగితం మీద గీత గీసి మరీ నెమ్మదిగా చెప్పారు.

"చెయ్యి బాగా తిరిగిందమ్మా. కానీ మీరింకా అక్కణ్నించి రాలేదండి."

మళ్లీ పరీక్ష వారం తర్వాత. సెలవు ఇంకో రెండు వారాలే ఉంది. ఆ వారమంతా వీరవేణి కూరగాయలకి వెళ్లినా రోడ్డుకి ఎడమపక్కనే నడిచింది, సైకిలువాళ్లు నవ్వినా సరే. భయంగానే ఉంది. అయినా రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడమెందుకని రెండోసారి వెళ్లింది. ఈసారి బండి ఎడమగీత వదల్లేదు. ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెట్టి, ఇప్పుడొచ్చేరండి అన్నారు.

తిరుగుదారిలో ఆవిడే నడిపింది. పక్కసీట్లో శివప్రసాద్ సంబరంగా కువైట్ పంపే ఏజెంటుకి ఫోన్ చేశాడు. మా ఆవిడకి ఇక్కడి లైసెన్సు కూడా వచ్చేసిందండి, మేడం ఇంక వదల్దు అని చెబుతున్నాడు. చెడ్డవాడేం కాదు. ఎనిమిదేళ్లుగా పెళ్లామంటే కువైట్‌లో ఉండే మనిషని అలవాటు పడిపోయాడు, అంతే.

"టిక్కెట్టు పద్దెనిమిదికి ఖాయం చేసేరంట," అన్నాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

ఆమె బండి గట్టు పక్కకి తీసి ఆపింది. గుండె దడదడ కొట్టుకుంటోంది. రెండు పరీక్షల్లోనూ కలిపి అంత కొట్టుకోలేదు.

"పద్దెనిమిది శనివారమండి. మన పిల్ల బడిలో టీచరు శాంతిగారు, లైసెన్సొచ్చిందా అని ఇందాక ఫోన్ చేసేరు. ఆ రోజు నుంచీ వాడపల్లికి మొక్కంట. బండి కావాలన్నారు."

"దానికేం, నేను వెళ్తాలే."

"మిమ్మల్ని కాదండి," అంది వీరవేణి. "ఏడు శనివారాలూ నన్నే రమ్మన్నారు. ఆయ్, వస్తానండీ అన్నాను."