మూడు కోర్సులు, ఒక లాటు

పర్చూరు రోడ్డులో మిరప కల్లాలు దాటగానే కనిపించే డిగ్రీ కాలేజీ బాపయ్య గారిది. ఆయన గుంటూరు యార్డులో మిర్చి కమిషన్ వ్యాపారం చేసి చేసి, జుట్టు నెరిశాక చదువుల వ్యాపారంలోకి దిగారు. సరుకు మారింది గానీ చెయ్యి మారలేదు. స్పానిష్ కోర్సులో నలుగురు చేరారు. సభలో నిలబడి మాట్లాడడం నేర్పే స్పీచ్ కమ్యూనికేషన్‌లో నలుగురు చేరారు. ఎదుగుదలలో వెనకబడ్డ వాళ్లకు తోడుండడం నేర్పే కోర్సులో ముగ్గురే. ఇంకొకరైతే మూడూ ఎత్తేసేవారు. బాపయ్య గారు యార్డులో చిల్లర బస్తాలను ఏం చేసేవారో వీటినీ అదే చేశారు. మూడూ కలిపి ఒకే లాటు కట్టారు. గది ఒకటే, మాస్టారు ఒకరే, పరీక్షా ఒకటే.

అప్పటికీ పన్నెండు మంది ఉంటే తప్ప కోర్సు నడపకూడదని నిబంధన. పదకొండు మందే తేలారు. బాపయ్య గారి చూపు వెనక బెంచీ మీద పడింది. అక్కడ వీరబాబు కిటికీలోంచి లారీలు చూస్తున్నాడు. తూకం తగ్గితే ఇంకో గుప్పెడు పోయడం ఎరిగిన మనిషి కాబట్టి, ఆ అబ్బాయి పేరు కూడా రాసేయమన్నారు.

వీరబాబు, ఆ పదకొండు మందిలో ఒకతైన ఉదయశ్రీకి అన్న. ఇరవై ఆరేళ్ల మనిషి. పుట్టుకతోనే మాట రాదు, బుద్ధి మాత్రం తన దారిన తాను, తొందర లేకుండా ఎదిగింది. లారీ హారన్ వినిపిస్తే చాలు, చుట్టాన్ని పిలవబోయినట్టు రోడ్డు మీదికి ఎదురెళ్తాడు. అందుకే అమ్మా నాన్నా మిరప కోతలకు వెళ్లేటప్పుడు అతన్ని లోపల ఉంచి తలుపుకు తాళం వేసేవాళ్లు. ఉదయశ్రీ కాలేజీలో చేరినప్పటి నుంచి అన్నను వెంట తెచ్చుకుంటోంది, తాళం మేకుకు వేలాడుతోంది. చదువు అయిపోతే అది మళ్లీ తలుపెక్కుతుంది. ఆ సంగతి గుర్తొస్తే ఆమెకు అన్నం సయించేది కాదు.

దారి ఒక్కటే ఉంది. మంగళగిరిలో ఇలాంటి వాళ్ల కోసం పగటి కేంద్రం నడిపే జహీరున్నీసా గారు పరీక్ష చూడడానికి వస్తున్నారు. మొదట నిలిచిన వాళ్లకు ఆ కేంద్రంలో ఉద్యోగం. పనిచేసేవాళ్లు ఇంట్లో తమ మీద ఆధారపడ్డ ఒక మనిషిని పగలంతా తమతోనే ఉంచుకోవచ్చు. ఆ ఉద్యోగం వస్తే తాళాన్ని పాత ఇనుము వాడికి వేసేద్దామని ఉదయశ్రీ నిశ్చయించుకుంది.

ప్రశ్న తయారుచేసింది గౌస్ బాషా మాస్టారు. పాపం, ఆయనకు వచ్చింది ఉపన్యాసం ఒక్కటే. స్పానిష్‌ను పిల్లలతో పాటే తానూ నేర్చుకున్నారు. మూడు సబ్జెక్టులకూ న్యాయం చేయబోయి మూడింటినీ ఒకే రోట్లో వేసి రుబ్బారు. ఎదుట ఉన్న వ్యక్తిని సభామర్యాదతో కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్లు తాగించాలి. మాట్లాడితే స్పానిష్‌లోనే మాట్లాడాలి. తెలుగు ముక్క ఒక్కటి దొర్లినా సున్నా. ఇక ఆ ఎదుటి వ్యక్తి ఎవరంటే, ఊళ్లో ఎవరూ తీరిగ్గా లేరు కాబట్టి వీరబాబే.

ముందు అనీస్ వెళ్లాడు. చేతులు జోడించి, "బ్వేనోస్ దియాస్" అని, అంటే శుభోదయం అని మొదలుపెట్టి, వేదిక నలంకరించిన పెద్దలందరికీ స్పానిష్‌లో వందనాలు చెప్పేసరికి కేటాయించిన సమయం అయిపోయింది. వీరబాబు మర్యాదగా చప్పట్లు కొట్టాడు. తర్వాతివాడు "సియెంతెసే" అని, అంటే కూర్చోండి అని, యార్డులో వేలం పాట పాడినట్టు అరిచాడు. వీరబాబు వాడికి దగ్గరగా వెళ్లి నోట్లోకి తొంగిచూశాడు. భానుశ్రీ నీళ్లు చూపించి "ఆగ్వా, ఆగ్వా" అని బతిమాలితే ఆ గ్లాసు తీసుకెళ్లి కిటికీలో ఉన్న తులసి మొక్కకు పోసి వచ్చాడు. పది మందికీ అలాగే అయింది. వీరబాబు కూర్చోనూ లేదు, చుక్క తాగనూ లేదు.

ఆఖరున ఉదయశ్రీ వచ్చింది. ఇంట్లో అయితే కనుసైగతో కూర్చునే అన్న. ఆ ధైర్యంతోనే వచ్చింది గానీ, నోరు తెరిచేసరికి కుర్చీ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. "సియెంతెసే, ఎర్మానో" అంది. ఎర్మానో అంటే సోదరా అని. సొంత అన్నను పరాయి భాషలో, పరాయివాణ్ణి పిలిచినట్టు పిలిచినందుకు ఆమెకే ఏడుపొచ్చింది. చెమట కారుతోంది. గొంతు ఎండిపోయింది.

వీరబాబు ఆమె మొహంలోకి చూశాడు. నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. కుర్చీ జరిపి, రెండు భుజాలూ పట్టుకుని ఆమెను కూర్చోబెట్టాడు. గ్లాసు తెచ్చి నోటికి అందించాడు. "నాకు కాదు అన్నయ్యా, నువ్వు తాగాలి" అని ఉదయశ్రీ గొణిగింది. అతను వినలేదు. తన భుజం మీది తువ్వాలుతో ఆమె చెమట తుడిచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

జహీరున్నీసా గారు ప్రశ్న మళ్లీ చదువుకున్నారు. ఈ అబ్బాయి ఇక్కడ విద్యార్థేనా అని అడిగారు. పన్నెండోవాడని గౌస్ బాషా మాస్టారు ఒప్పుకోక తప్పలేదు. అయితే ఎదుట ఉన్న మనిషిని కూర్చోబెట్టి నీళ్లు తాగించింది ఇతనొక్కడే, పైగా తెలుగు ముక్క దొర్లలేదు, మొదటి స్థానం ఇతనిదేనని తేల్చేశారావిడ. ఉదయశ్రీకి సున్నా.

ఆమె ఏడుస్తూ బాపయ్య గారి దగ్గరికి పరుగెత్తింది. ఇదెక్కడి న్యాయమని అడిగింది. పాట ముగిశాక మళ్లీ పాట ఉండదమ్మాయ్ అని ఆయన విసనకర్ర విసురుకున్నారు. ఏడాది పాటు తను కంఠతా పట్టిన చదువు ఒకవైపు, లారీలు చూస్తూ కూర్చున్న అన్న ఒకవైపు. ఆమెకు ఒళ్లు మండింది. అన్న మీద అసూయ కూడా కలిగింది. అసూయ పడినందుకు సిగ్గేసి, తిరిగొచ్చి ఆ కుర్చీలోనే కూలబడింది.

జహీరున్నీసా గారు వీరబాబు ముందుకు వచ్చి నిలబడ్డారు. ఆమె ముఖంలో వేళాకోళం లేదు.

"వీరబాబు గారూ, సోమవారం నుంచి మా దగ్గర పనిలోకి రండి. మీ మీద ఆధారపడ్డ మనిషిని ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. ఈ అమ్మాయిని తెచ్చుకుంటారా?"

మీ అన్నను రేపు ఎవరు చూసుకుంటారమ్మా అని ఊరంతా ఉదయశ్రీని అడిగింది. కోర్సుకు వస్తావా, పరీక్షలో నిలబడతావా, పగలంతా నాతో ఉంటావా అని వీరబాబును మాత్రం ఎవరూ అడగలేదు. ఉదయశ్రీ కూడా అడగలేదు. ఇప్పుడు మొదటిసారి ఒకరు అడిగితే అతను తొందరపడలేదు. చెల్లెల్ని కింది నుంచి పైదాకా చూశాడు. కిటికీ వైపు చూశాడు. రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయేదాకా ఆలోచించాడు. వద్దంటాడేమోనని ఉదయశ్రీకి నిజంగా భయం వేసింది.

వీరబాబు తల ఊపాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చెయ్యి చాపాడు. ఉదయశ్రీ కుర్చీలోంచి లేచి ఆ చెయ్యి పట్టుకుంది.