సుష్మ దీదీ కుడి చెయ్యి

టీవీలో నన్ను చూసేవాళ్ళకు నా పేరు సైక్లోన్ యర్రమ్మ. సైక్లోన్ అన్నది మా కుస్తీ కంపెనీ వాళ్ళు తగిలించింది, యర్రమ్మ మా నాయనమ్మది. మొదట ఐలాండ్ క్వీన్ అని పెడతామన్నారు. ఆ పేరు లాడ్జీకైతే బాగుంటుంది, మనిషికి వద్దన్నాను. అంతకుముందు నా మాట ఎవరూ అంత త్వరగా విన్నది లేదు.

మాది మట్టిలో పట్టే కుస్తీ కాదు. తాళ్ళు కట్టిన రింగు, లైట్లు, పాటలు, తళుకుల బట్టలు. ఎవరు గెలుస్తారో ముందే నిర్ణయమైపోతుంది. పెళ్ళిళ్ళకు వెళితే పక్క కుర్చీలో పెద్దమనిషి ఎవరో ఒకాయన, అదంతా నాటకమటగా అని నవ్వుతూ అడుగుతాడు. గెలుపు నాటకమే బాబాయ్, పడటం మాత్రం నిజం, కావాలంటే ఆ స్టేజీ మీద నుంచి ఒకసారి వెల్లకిలా పడి చూడండి అంటాను. ఆయన వెంటనే ఐస్‌క్రీమ్ వైపు వెళ్ళిపోతాడు.

నేను మొదట సైకిలు తొక్కేదాన్ని. నాన్న గవరయ్య పోర్ట్ బ్లెయిర్ హార్బర్‌లో ఫెర్రీ మీద పనిచేస్తాడు. డ్యూటీ లేని తెల్లవారుజామున తను స్కూటరు మీద, నేను సైకిలు మీద మా బతు బస్తీలో బయలుదేరి ఫెరార్‌గంజ్ దాకా పోయి వచ్చేవాళ్ళం. ఎత్తు వచ్చినప్పుడల్లా వెనక నుంచి హారన్ కొట్టేవాడు. ఎప్పటికైనా అలసిపోయి మానేస్తాడని ఎదురుచూశాను కానీ, స్కూటరు నడిపేవాడికి అలసట ఎందుకొస్తుంది. ఆ ఎత్తుల పుణ్యమా అని నా తొడలకు సరిపోయే ప్యాంటు పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో దొరికేది కాదు. అమ్మ కాశమ్మ మా కిరాణా కొట్లో కూర్చుని, ఈ పిల్లకు బట్ట కొనాలంటే గుడ్డ తాను మొత్తం కొనాలని ఉప్పుకీ పప్పుకీ వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది.

జాతీయ పోటీల ఫైనల్లో, ఆఖరి మలుపు దగ్గర, ముందున్న సైకిలు చక్రానికి నా చక్రం తగిలింది. వెల్లకిలా పడ్డాను. భుజం ఎముక విరిగింది. మెడ కూడా విరిగిందనుకున్నారు, విరగలేదు. నెలల తరబడి మెడకు పట్టీ వేసుకుని కొట్లో అమ్మ పక్కన కూర్చున్నాను. ఎముక అతికింది, డాక్టరు సైకిలు తొక్కొచ్చన్నాడు, కానీ నా కాళ్ళు పెడల్ మీదకు వెళ్ళలేదు. వెనక్కి పడటమంటే చచ్చేంత భయం పట్టుకుంది. సముద్రం పక్కన పుట్టి పెరిగినదాన్ని, మిన్నీ బేలో చిన్నప్పటి స్నేహితులంతా నీళ్ళ మీద వెల్లకిలా తేలుతుంటే నేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చూసేదాన్ని.

మెడ ఒకసారి పెద్ద డాక్టరుకు చూపిద్దామని ఓడెక్కి వైజాగ్ వెళ్ళి గాజువాకలో మా పిన్ని ఇంట్లో దిగాను. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు మూడో అంతస్తుకు మొయ్యనన్నాడు. నాకు ఒళ్ళు మండి నేనే ఎత్తి భుజాన వేసుకుని ఎక్కేశాను. మెట్ల మీద ఒకాయన గోడకు ఆనుకుని దారిచ్చాడు. దారిచ్చినవాడు ఊరుకోకుండా నా వెనకే పైకి వచ్చి, అమ్మా, ఏం ఆట ఆడతావని అడిగాడు. ఆయనే పోలిరాజు గారు. పాత గోడౌన్‌లో ఈ కుస్తీ నేర్పించేవాడు.

మా గురువుగారు జీవితంలో ఒక్క పందెమూ గెలవలేదు. ఓడిపోవడమే ఆయన ఉద్యోగం. ఆయన చేతిలో ఓడినవాడు లేడు కానీ, ఆయన్ను ఓడించి పెద్దవాళ్ళైనవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఆయన ముందుగా నేర్పేది కొట్టడం కాదు, పడటం. గడ్డం గుండెకు ఆనించాలి, తల వెనక్కి పోకూడదు, అరచేతులు ముందు నేలను తాకాలి. ఈ మాట తిండీ నిద్రా లేకుండా చెప్పేవాడు. నేల మీద నిలబడి పడటం ఎలాగో నేర్చుకున్నాను. తాళ్ళ పైకెక్కి అక్కడి నుంచి వెనక్కి పడమంటే మాత్రం నా ఒళ్ళు కొయ్యబారిపోయేది. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. దిగిరా తల్లీ, రేపు చూద్దాం అనేవాడు. ఆయన రేపు అన్నాడు కాబట్టే నేను మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నాకు అన్నం పెట్టినవాటిలో ఆయన మాట ఒకటి.

ఆ గోడౌన్ నుంచి కంపెనీలోకి వెళ్ళాను. ఊరూరా తిరిగి ఆడాను. తాళ్ళ మీద నుంచి పడే పని లేకుండా ఎలాగో నెట్టుకొచ్చాను. అక్కడే సుష్మ దీదీ పరిచయమైంది. మా కంపెనీ ఛాంపియన్ బెల్టు ఆమెదే. పోస్టర్ల మీద రాక్షసి సుష్మ. రింగులో వెంట్రుకలు పట్టి ఈడ్చేది, కళ్ళలో కారం కొట్టేది, జనం ఆమెను చూడగానే బూతులు లంకించుకునేవాళ్ళు. బయట మాత్రం ఆమె సంచీలో అందరికీ సరిపడా నొప్పుల మందు ఉండేది. కొత్త పిల్లలకు జ్వరం వస్తే ఆమె గదిలోనే పడుకోబెట్టుకునేది. ఆమె కూడా గాజువాక మనిషే. నేను మా ద్వీపాల అలవాటు కొద్దీ దీదీ అంటే, అక్క అనడానికి నీకు నోరు నొప్పేటే అని ఏడిపించేది.

మోకాళ్ళు అరిగిపోయి దీదీ ఈ పని మానేద్దామనుకుంది. మాలో ఒక ఆచారం ఉంది. వెళ్ళిపోయేవాళ్ళు ఉండిపోయేవాళ్ళ చేతిలో ఓడి వెళతారు. ఛాంపియన్ అయితే తను ఎవరి చేతిలో ఓడాలో ఒక మాట చెప్పొచ్చు. దీదీ నా పేరు చెప్పింది, ఆ ఆట నా ఊళ్ళోనే పెట్టమంది. కంపెనీ మేనేజరు సుభాష్‌కు నచ్చలేదు. ఆట రక్తి కట్టాలంటే దీదీ నన్ను తాళ్ళ పైకెత్తి అక్కడి నుంచి వెనక్కి విసరాలి, ఇక నా పని అయిపోయిందని జనం అనుకున్నాక నేను లేవాలి. ఈ పిల్ల అక్కడి నుంచి పడలేదు, అందరికీ తెలుసు అన్నాడు. పడుతుంది అంది దీదీ. పడకపోతే ఆట అక్కడితో ఆపేస్తాం, బెల్టు వేరే పిల్లకు వెళుతుంది, యర్రమ్మ ఇంటికి వెళుతుంది అని సుభాష్ తేల్చి చెప్పాడు. ఇంటికి వెళ్ళడమంటే మళ్ళీ కొట్లో, ఉప్పు పప్పు తూచే కాటా ముందు. కొట్టుని చిన్నబుచ్చడం లేదు, అది మాకు తిండి పెట్టింది. కానీ రెండోసారి ఓడిపోయి అందులో కూర్చునే ఓపిక నాకు లేదు.

ఎవరు గెలుస్తారో ఇంట్లో కూడా చెప్పకూడదన్నది మాలో ఇంకో ఆచారం. కాబట్టి అమ్మకు ఏమీ తెలియదు. ఆట రోజు సాయంత్రం కొట్టు మూసి, బతు బస్తీ ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వచ్చి, రింగు పక్కనే మొదటి వరసలో కూర్చుంది. నాన్న ఆమె చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

ఆట బాగానే నడిచింది. దీదీ నన్ను ఈడ్చింది, తొక్కింది, జనం గోల పెట్టారు. తరువాత మూల స్తంభం దగ్గర నన్ను తాళ్ళ పైకి ఎక్కించి, తనూ ఎక్కి, కుడి చెయ్యి నా మెడ చుట్టూ వేసింది. ఇక నేను కాళ్ళతో ఎగరాలి, ఇద్దరం కలిసి రింగులోకి పడాలి. మాలో ఎంత బలవంతులైనా ఎదుటివాళ్ళు ఎగరకపోతే ఎత్తలేరు. కింద రింగులో పరిచిన తెల్లటి గుడ్డ కనబడింది. నా ఒళ్ళు కొయ్యబారింది.

దీదీ ఎదురుచూసింది. జనానికి అనుమానం రాకుండా నన్ను రెండు గుద్దులు గుద్దినట్టు చేసింది. నేను కదల్లేదు. సుభాష్ కింద నుంచి ఆపెయ్యమన్నట్టు చెయ్యెత్తడం కంటి చివరన కనబడింది. సరిగ్గా అప్పుడు మొదటి వరసలో అమ్మ లేచింది. నాన్న కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగలేదు.

"ఒసే రాక్షసీ, నా పిల్లని ఒగ్గీ. ఆ మెడ అసలే ఇరిగిన మెడ. దాన్ని పట్టుకున్న నీ చెయ్యి పడిపోను."

హాలంతా ఆ గొంతు వినబడింది. కొట్లో కూర్చుని వీధి చివర ఉన్నవాళ్ళతో మాట్లాడే గొంతు అది. దీదీ నా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఆ తిట్టీది మీ యమ్మేనేటే?"

అవును దీదీ అన్నాను.

"గొంతు బాగున్నాది. మైకు దండగ."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఆ నవ్వులో కొయ్యబారిన కాళ్ళు ఎప్పుడు వదులయ్యాయో తెలియదు, ఎగిరాను. గాలిలో తిరుగుతుండగా తెలిసింది, నవ్వుతూ గడ్డం పైకెత్తేశానని, తల వెనక్కి పోయిందని. గురువుగారు అన్నేళ్ళు చెప్పింది ఆ క్షణాన మరిచిపోయాను. అయిపోయింది అనుకున్నాను.

తల నేలను తాకలేదు. చేతి మీద పడింది. పడేలోపు విసిరేవాళ్ళు మెడ చుట్టూ ఉన్న తమ చేతిని తీసేసుకోవాలి, లేకపోతే ఆ చెయ్యి నలుగుతుంది. అది మొదటి రోజు నేర్పే పాఠం. దీదీ తియ్యలేదు. నా గడ్డం పైకి లేవడం ఆమె చూసింది. నా తల బరువూ, ఇద్దరి బరువూ కలిపి ఆ చేతి మీద పడ్డాయి. ఆమె మూలిగింది, జనం అదీ నటనే అనుకున్నారు.

"లెగు. నన్ను ఓడించాల ఇంకా" అంది కళ్ళు మూసుకునే.

లేచాను. సైకిలు తొక్కిన తొడలు ఆ రోజు నాకు పనికొచ్చాయి. దీదీని భుజాల మీదకు ఎత్తి వీలైనంత మెల్లగా దించి పైన పడ్డాను. రిఫరీ లెక్కపెట్టాడు. బెల్టు నా నడుముకు కట్టారు. అమ్మ అందరినీ కౌగిలించుకుంటోంది. మా నాన్న సంచీ పట్టుకుని ఏడుస్తున్నాడు. దీదీ తాళ్ళ కింది నుంచి జారి, జనం తిడుతుంటే కుడి చెయ్యి పొట్టకు అదుముకుని లోపలికి వెళ్ళిపోయింది. అది ఆమె ఆఖరి ఆట. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు ఆమెను మా ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను. అమ్మ మొహం మాడ్చుకుంది. ఇంటికొచ్చిన మనిషి కాబట్టి వడ్డించింది కానీ, గరిటె చప్పుడు వీధిలోకి వినబడింది. దీదీ పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చింది. అన్నం ఎడం చేత్తో కలపడం మొదలుపెట్టింది.

అమ్మ గరిటె కింద పెట్టింది. "ఏటిది. నా ఇంట్లో ఎడం చేత్తో తింతావేటి" అంది.

అలవాటు పిన్నీ అని దీదీ నవ్వబోయింది. అమ్మ ఊరుకునే మనిషి కాదు. కుడి చెయ్యి పట్టి బయటికి లాగింది, చొక్కా పైకి జరిపింది. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలి వాచిపోయి ఉంది. వేళ్ళు ముడవడానికి రావడం లేదు.

అమ్మ ఆ చెయ్యి వదిలేసింది. నా నోటి మాట తగిలీసింది, హే భగవాన్, నానే అన్నాను, అందరి ముందూ అన్నాను అంటూ గోడకు ఆనుకుని కూలబడింది. తన శాపం వల్లే ఆ చెయ్యి అలా అయిందని నిజంగా నమ్మింది. దీదీ చెప్పొద్దని నాకు కళ్ళతో సైగ చేసింది. ఆచారం ప్రకారం చెప్పకూడదు. నేను చెప్పాను. నీ శాపం కాదమ్మా, నా తల ఆ చేతి మీద పడింది, దీదీ తీసేసుకోగలిగీ తియ్యలేదు, ఆ చెయ్యి లేకపోతే ఇవాళ నేను నీ ఇంట్లో కూర్చుని ఉండేదాన్ని కాదు అన్నాను. రాత్రి నుంచీ దీదీకి థాంక్స్ చెప్పాలని చూస్తున్నాను, ఎలా చెప్పాలో తెలియలేదు. అమ్మకు చెబుతున్నట్టుగా ఆమెకు చెప్పేశాను.

అమ్మ లేచి వచ్చింది. తరువాత దీదీ కంచం తన ముందుకు లాక్కుని, చేప ముల్లు తీసి, అన్నం కలిపి ముద్ద చేసి దీదీ నోటికి అందించింది. దీదీ వద్దనలేదు. ఊరూరా తిట్లు తిన్న మనిషి, మా అమ్మ చేతి ముద్ద తింటూ చిన్నపిల్లలా కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా ఆడతావేటమ్మా?" అని అడిగింది అమ్మ.

"లేదు పిన్నీ. నిన్నటితో ఆఖరు."

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"మరి రేపట్నించి నా పిల్ల పడితే ఎవులు పట్టుకుంతారు?"

దీదీ నా వైపు చూసింది. "దీని సంగతి ఇది చూసుకుంతాది. కొత్త పిల్లలొస్తారు పిన్నీ, భయపడతా తాళ్ళెక్కుతారు. ఆళ్ళని ఇది పట్టాల ఇంక. బెల్టంటే అదే."

అమ్మ నా వైపు తిరిగి నా రెండు చేతులనూ చూసింది, కొట్లో సరుకు నాణ్యం చూసేటట్టు చూసింది. తరువాత గిన్నెలోంచి ఇంకో చేప ముక్క తీసి నా కంచంలో వేసి, తిను, బలం గావాల అంది.