చీటీలో లేని మాట

కోట్లు కుట్టే దర్జీకి వారమంతా కత్తెర పని, శనివారం సాయంత్రం మాత్రం గారడీ. లైబ్రరీ మేడ మీద గదిలో పాతికమంది దాకా గారడీవాళ్లు చేరే క్లబ్బు అది. పదకొండేళ్లుగా పేకముక్కలు మాయం చేసినా, రుమాళ్లకు రంగులు మార్చినా అతన్ని అక్కడ ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. అందుకే, బయటివాళ్లను కూడా పిలిచిన ఆ శనివారం చప్పట్లు మోగేసరికి అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

ముందు వరసలోని పెద్దావిడ చీటీ మీద ఒక పేరు రాసి, మడిచి ఇచ్చింది. అతను దాన్ని ముక్కలు ముక్కలుగా చింపి, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, ఆ పేరు చెప్పాడు.

"మా ఆయన పేరే," అంది ఆవిడ. "పోయి ఏడాదైంది."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గదంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ ఊపులో నోరు జారాడు. "మీ మీద కోపమేమీ లేదంటున్నారమ్మా."

ఆవిడ చేతుల్లో ముఖం దాచుకుని భోరున ఏడ్చింది. జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

సోమవారం పొద్దున్నే ఆవిడ తన భర్త పాత కోటు పట్టుకుని షాపుకొచ్చింది.

"ఇది పట్టుకుంటే నీకింకా బాగా వినబడుతుందేమోనని తెచ్చాను, నాయనా. ఆయన పోయిన రోజు పొద్దున పోట్లాడుకున్నాం. తలుపు ధడాలున వేసి వెళ్లారు, మళ్లీ రాలేదు. వెనక నుంచి పిలిచాను. అది వినబడిందో లేదో అడిగిపెట్టు."

దర్జీకి తల కొట్టేసినట్టయింది. నిజం చెబుదామని నోరు తెరిచి, "గురువారం రండమ్మా," అన్నాడు.

ఆ మూడు రోజులూ కోటు ఎదురుగా వేలాడుతూనే ఉంది. దానికి వీపు తిప్పి కూర్చుని కుట్టాడు. ఊడిన బొత్తాం ఒకటి కనబడితే బిగించాడు. తీరా బిగించాక అదీ ఒక మోసంలాగే తోచింది.

గురువారం ఆవిడకు కుర్చీ వేసి, కాగితం ఇచ్చాడు. "మధ్యలో ఏదైనా రాయండమ్మా." రాసింది. మడిచి, చింపి, అరచెయ్యి తెరిచి చూపించాడు. రాత ఉన్న ముక్క చిరగకుండా అక్కడే ఉంది.

"ఇంతేనమ్మా. దీన్ని దాచుకుని చాటుగా చదువుతాను."

"మరి, కోపం లేదన్నది?"

"అది నేనే కల్పించాను. క్షమించండి."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "ఏడాది తర్వాత మొన్న శనివారం రాత్రే కంటినిండా నిద్రపోయాను, నాయనా," అని, కోటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

భోజనం దగ్గర భార్యతో చెప్పాడు. "చెప్పి మంచిపనే చేశావు. లేకపోతే వారం వారం వచ్చేది పాపం," అందామె. అలా వచ్చి ఉంటే ప్రతి వారం తాను ఏదో ఒకటి చెప్పేవాడినేనని అతనికి తెలుసు.

శనివారం క్లబ్బులో, చీటీ గారడీ గుట్టు ఒకావిడకు చెప్పేశానని ఒప్పుకున్నాడు. వాళ్లలో అంతకు మించిన తప్పు లేదు. మూడు నెలలు వేదిక ఎక్కొద్దన్నారు.

"ఎందుకు చెప్పావయ్యా, బుద్ధుందా?" అని సెక్రటరీ నిలదీశాడు.

కారణం చెప్పాలంటే ఆ రోజు తానన్న మాట గురించి చెప్పాలి. అందరూ లేచి చప్పట్లు కొట్టిన మాట అది. "పొరపాటైంది," అని మాత్రం గొణిగి, తల వంచుకుని మెట్లు దిగాడు.