ఎరుపు తేలిన ఓడ

ముడిచమురు ఓడకి ఒక లక్షణం ఉంది. కడుపునిండా సరుకున్నప్పుడు దాని నల్లటి ఒళ్లే కనిపిస్తుంది. సరుకు దించేకొద్దీ ఓడ పైకి లేచి, అంతదాకా నీళ్లలో మునిగి ఉన్న ఎర్ర రంగు బయటపడుతుంది. ఓడ మనుషుల ఇళ్లల్లో అందరికీ తెలిసిన సంగతే. ఎరుపు తేలిందంటే మనిషి ఇంటికొస్తున్నట్టే.

కోడలు రోజూ పొద్దున్నే డాబా ఎక్కి చూసేది. ఎదురుగా సముద్రంలో లంగరేసి ఉన్న ఓడలో ఆమె భర్త పంపులు చూస్తాడు. సరుకు దించేదాకా అతనికి సెలవు లేదు. ఫోను ఎప్పుడో గానీ కలవదు.

ఎందుకు దించరయ్యా అంటే, ధర లేదట. చమురు తీసే దేశాలు ఉత్పత్తి నువ్వు తగ్గించంటే నువ్వు తగ్గించమని పంతానికి పోయి తోడిపోస్తున్నాయి. కొనేవాళ్ల ఫ్యాక్టరీలేమో సగం మూతబడ్డాయి. ఒడ్డున ట్యాంకులన్నీ నిండిపోయాయి. ఇప్పుడమ్మితే నష్టమని సరుకుదారు ఓడనే గిడ్డంగి చేసుకున్నాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అన్నారా! ఎక్కడో చల్లటి గదిలో ఉన్న ఆయనది కడుపు నిండిన బేరం. ఎదురుచూపులు మాత్రం ఈ డాబా మీద.

అత్తగారికి చూపు మందగించింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా గుండె జబ్బొకటి. ఆయాసం ముదిరితే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు. కొడుక్కి చెప్పొద్దని ఆవిడ కోడలి చేత ఒట్టేయించుకుంది. దిగలేనివాడికి చెప్పి ఏడిపించడం తప్ప ఏం లాభమంది. నోటికి మాత్రం జబ్బు రాలేదు. తన కొడుకు ఓడెక్కలేదనీ, ఓడే వాడి నెత్తినెక్కి కూర్చుందనీ పక్కింటివాళ్లతో అనేది.

కోడలు కిందికి దిగగానే ఒకటే ప్రశ్న.

"ఎరుపు కనిపించిందా అమ్మాయ్?"

లేదన్న ప్రతిసారీ ముసలామె ముద్ద ముట్టేది కాదు. ఒకరోజు ఆ మొహం చూడలేక కోడలు అబద్ధమాడేసింది.

"కనిపిస్తోందత్తయ్యా. సన్నగా, చీర అంచంత."

అత్తగారి మొహం చేటంత అయింది. రెండు ముద్దలు ఎక్కువే తింది. కోడలి ప్రాణం కుదుటపడింది. మర్నాడు ఎరుపుని ఇంకాస్త పెంచింది. ఆ మర్నాడు జానెడు చేసింది.

ఆ వారమే ఆయాసం ముదిరింది. కోడలు ఆటో పిలిచి, ఆస్పత్రికి పదమని బతిమాలింది. అత్తగారు మంచం పట్టె వదల్లేదు.

"అంత ఎరుపు తేలాక ఇంకెన్నాళ్లే? వాడే వచ్చి తీసుకెళ్తాడు. వాడొచ్చేసరికి నేనింట్లో ఉండాలి."

ఎరుపూ లేదు, ఏమీ లేదని చెప్పేయాలి. మాట గొంతుదాకా వచ్చింది. ఆ కళ్లలో కొండంత ఆశ చూసి, చెబితే ఇప్పుడే గుండె ఆగుతుందేమోనని మింగేసింది. రేపు చెబుదామనుకుంది. అయ్యో, తెల్లవారేసరికి ఆవిడ పోయింది.

కబురు ఓడకి చేరింది. పడవ పంపడానికి కంపెనీ ఒప్పుకోలేదు. తల్లిని సాగనంపుతున్నంతసేపూ కొడుకు డెక్కు మీద నిలబడి ఒడ్డుకేసి చూశాడట.

తర్వాత ఎక్కడో ఎవరో ఉత్పత్తి తగ్గించారు. ధర లేచింది. ఓడా లేచింది. నిలువెత్తు ఎరుపు తేలింది. కోడలు డాబా మీంచి చూసి, గబగబా దిగి, అలవాటుగా అత్తగారి గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

భర్త వచ్చాడు. భుజాన సంచి దించకుండానే ఖాళీ మంచం దగ్గర నిలబడ్డాడు. ఆస్పత్రిలో ఎందుకు చేర్చలేదని అడిగాడు. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామనే. అత్తయ్య మొండికేసిందంటే సరిపోయేది. అది అబద్ధమూ కాదు.

"మీరొస్తున్నారని నేనే చెప్పానండీ," అంది. "రోజూ చెప్పాను."