ప్రసన్న ఊదిన శ్రుతి

మార్కాపురం బస్టాండు వెనక సందులో కాశయ్యకు చిన్న గది ఉంది. ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండు నడిపిన మనిషి. ఊరేగింపుల్లో నడవలేక మానుకుని, ఇప్పుడు పాత వాయిద్యాలు బాగుచేస్తూ కాలం గడుపుతున్నాడు. వరప్రసాదం వెలిగండ్ల దగ్గరి ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చి, సంచిలోని తువ్వాలు మూట తీసి ఆయన ముందు విప్పాడు.

"మా చర్చి పిలకాయలు బ్యాండు పెడతారంట కాశయ్యన్నా. ఇంట్లో ఊరికే పడున్నది, వాళ్లకన్నా పనికొస్తదని తెచ్చినాను. చిన్నపిల్లల క్లారినెట్ ఇది. శ్రుతిలో పలకదు. సరిచేస్తావేమోనని."

"చిన్నపిల్లలదని ఎవరు చెప్పినారు?"

"గుంటూరులో పాత సామాన్ల దుకాణమాయన."

కాశయ్య నవ్వి, నల్లచెక్క ముక్కలను ఒక్కొక్కటే తుడిచి బిగించసాగాడు.

అది వరప్రసాదం కూతురు ప్రసన్నది. చర్చిలో వరప్రసాదమే పాటలు ఎత్తుకునేవాడు, హార్మోనియం వాయించేవాడు. ఊళ్లోని పెళ్లి బ్యాండులో కోటేశ్వరరావని ఒకాయన క్లారినెట్ వాయిస్తుంటే, పదకొండేళ్ల ప్రసన్న ఆయన వెంటపడి రెండు పాటలకు వేళ్లు పెట్టడం నేర్చుకుంది. పెద్ద క్లారినెట్ రంధ్రాలకు ఆ చిన్న వేళ్లు అందేవి కావు. కోటేశ్వరరావు పనుల కోసం హైదరాబాదు పోయాక, వరప్రసాదం మిరపకాయల కోతకు గుంటూరు పక్కకు వెళ్లినప్పుడు ఈ చిన్నది కనబడితే కొనుక్కొచ్చాడు. ఆ రోజు పిల్ల అన్నం తినలేదు, దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంది.

కానీ హార్మోనియంతో ఎన్నిసార్లు కూర్చున్నా అది కలవలేదు. క్రిస్మస్ ఆరాధనలో జనమంతా వింటుండగా పాట ఒక దారి, క్లారినెట్ ఒక దారి అయ్యాయి. వరప్రసాదానికి తల కొట్టేసినట్టయింది. వాయిస్తున్న హార్మోనియం ఆపి, "చాలు, దించు. నీకు చెవుల్లేవు. దేవుని పాట చెడగొట్టొద్దు" అన్నాడు. ఎవరో నవ్వారు. పిల్ల దించేసింది. మళ్లీ ఎత్తలేదు. డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా కామెర్లు ముదిరి, ఒంగోలు ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి చనిపోయింది. అది జరిగి ఏడాదిన్నర.

కాశయ్య ఊదేచోట కొత్త రీడు కట్టి ఊదాడు. గోడకున్న తన పెద్ద క్లారినెట్ తీసి పక్కన పెట్టి కొలిచాడు. పెద్దది మూరన్నర, ఇది మూరెడు.

"ఇది పిలకాయలది కాదు ప్రసాదం, పెద్దోళ్లదే. ఈ-ఫ్లాట్ క్లారినెట్ అంటారు. మిలిటరీ బ్యాండుల క్లారినెట్లలో అన్నిటికన్నా పైన పలికేది ఇదే. మన పెళ్లి బ్యాండుల్లో ఉండదు, అందుకే నీకు తెలవదు. ఇప్పుడు నా వేళ్లు చూడు."

పెద్దదాని మీద ఒక చరణం వాయించాడు. అవే వేళ్లు చిన్నదాని మీద పెట్టి మళ్లీ వాయించాడు. అదే పాట. అంతే శుభ్రంగా, కానీ చాలా పైనుంచి వచ్చింది.

"చూసినావా? రెండూ శ్రుతిలోనే ఉన్నాయి. పెద్దదాని వేళ్లు దీనిమీద వేస్తే పాట పైకి పోతది. హార్మోనియమాయన తన మెట్టు మార్చుకోవాల. అంతే."

"మరి... వాయించేవాళ్లది తప్పు కాదా అన్నా?"

"తప్పేంది? కాస్త చెవి ఉన్నోళ్లయితే ఇట్టే పట్టుకుంటారు, మెట్టు మార్చమని వాళ్లే చెప్తారు."

వరప్రసాదం గోడకు జారగిలబడ్డాడు. ప్రసన్న ఆనాడే ఆ మాట చెప్పింది. చాపమీద కూర్చుని, "నాయనా, నువ్వు పైమెట్టు కాడనుంచి వాయించు, కలుస్తది" అంది. "హార్మోనియం మారదు, నువ్వు మారాల" అన్నాడు తను. ఆమె రెండోసారి అడగలేదు.

కాశయ్యకు ఏమీ తెలియదు. బాగుందన్న సంతోషంలో పాటంతా వాయించాడు. వరప్రసాదం మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తుంటే అప్పుడు ఆపి, "ఏందయ్యా, ఎవరిదిది?" అని అడిగాడు.

ఇంటికొచ్చి భార్య జ్ఞానమ్మకు చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతూ ఉంది. చేట ఆగలేదు.

"ఆ క్రిస్మస్ తర్వాత చానా రోజులు దొడ్లో కూర్చునేది" అంది. "ఊదేది కాదు. నోటికాడ పెట్టుకుని ఊరికే వేళ్లు ఆడించేది. ఊదమ్మా, మీ నాయన పొలం పోయినాడు అంటే, వద్దులేమ్మా, నాకు చెవుల్లేవు అనేది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు వినేటోడివా?"



ఆదివారం ఆరాధనలో అందరూ పాటకు ఎదురుచూస్తుండగా, వరప్రసాదం హార్మోనియం ముందు నుంచి లేచి నిలబడ్డాడు. క్లారినెట్ పట్టుకుని, ఏ మెట్టుకు కలుస్తుందో కాశయ్య రాసిచ్చిన కాగితం చదివి, ఇట్లా అన్నాడు. "దీన్ని చర్చికి ఇస్తన్నాను. దీనితో కలవాలంటే హార్మోనియం మెట్టు మార్చుకోవాల. పదేళ్ల కింద నా బిడ్డను ఇక్కడే మీ అందరి ముందర అవమానించినాను. ఆ బిడ్డ సరిగానే వాయించింది. తప్పు నాది."  ఆడవాళ్ల వైపు జ్ఞానమ్మ లేచి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. అతను హార్మోనియం అట్లాగే వదిలి ఆమె వెనకే నడిచాడు. లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు.

సమాధుల తోటలో చివరి వరుసలో ప్రసన్నది. జ్ఞానమ్మ అప్పటికే కింద కూర్చుని ఉంది. అతను పక్కన కూర్చున్నాడు.

"అక్కడ అందరికీ చెప్పినావు. దానికి చెప్పు" అంది.

వరప్రసాదం మట్టి మీద చెయ్యి ఆనించి, "అమ్మా..." అన్నాడు. ఆ పైన మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. "అమ్మా" దగ్గరే ఆగిపోయింది.